రెండు వేళ్ళ సందు

లైప్‌జిగ్‌లో తెల్లారుజామున మూడింటికి
విమానం ముందుకాళ్ళు మడుచుకుని కూచుంది.
ముక్కు పైకెత్తింది.
మావటి మాట విన్న ఏనుగులా అందామనుకున్నాను గానీ
ఏనుగు నోరు తెరిస్తే తోక కనిపించదు కదా.
దీనికి కనిపిస్తుంది:
ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటే నడవ,
చివర ఒక పసుప్పచ్చ బల్బు.

మింగాల్సింది ట్రాన్స్‌ఫార్మర్.
నూట నాలుగు టన్నులు.
నూనె తీసేసి, కడుపునిండా నైట్రోజన్ పట్టించి,
చెవులూ ముక్కూ విప్పి వేరే పెట్టెల్లో సర్ది
మొండెం ఒక్కటీ పంపారు.
బిష్కెక్ శివార్లలో పాతది కాలిపోయింది.
అక్కడ ఇప్పుడు మైనస్ ఇరవై రెండు.

మా జెనోవియ్ ముసలాడు,
ఇరవై తొమ్మిదేళ్ళుగా బరువులెక్కించేవాడు,
టేపుని నమ్మడు.
సరుకు నెత్తికీ విమానం కప్పుకీ మధ్య
రెండు వేళ్ళు పెట్టి చూస్తాడు.
దూరితే ఎగురుతుంది. దూరకపోతే లేదు.
అలవాటైపోయి
హోటల్ తలుపు సందుకీ, రొట్టె మీద వెన్నకీ కూడా
అవే రెండు వేళ్ళు.

వించి లాగుతోంది,
నిమిషానికి జానెడు.
నత్త చూస్తే నవ్విపోతుంది.
కింద పరిచిన పైన్ చెక్కలు
ఒక్కొక్కటీ మూలిగి, జిగురు వాసన వదిలాయి.
ఎప్పుడో నరికిన చెట్లు,
ఇంకా తడి దాచుకున్నాయన్నమాట.
ఆరు గంటలసేపు ఎవరూ గొంతు పెంచలేదు,
చంటిపిల్ల అప్పుడే కళ్ళు మూసిన ఇంట్లోలాగా.

తర్వాత గొలుసులు. నూట పన్నెండు.
చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి,
శ్రుతి చూసుకున్నట్టు ఒక్కోటీ బిగించాడు.
డెబ్భై మూడోది కాస్త కిందికి పలికిందట.
నాకు తేడా తెలీలేదు.
"నీకింకో పదేళ్ళు పడుతుంది" అన్నాడు.

అప్పుడు చూశాను. ఎడమ పక్క, అడుగున,
సుద్దముక్కతో జర్మన్‌లో రెండు లైన్లు:
నా చేతి మీదుగా ఇదే ఆఖరుది.
మెల్లగా దించండి.
కింద పేరు, గెర్నోట్. పోయిన శుక్రవారం తేదీ.
ఉద్యోగానికి ఆఖరో, ఇంకా దేనికైనా ఆఖరో
సుద్ద చెప్పలేదు.

బాకూలో ఇంధనం పోసుకుని కాస్పియన్ దాటాం.
మేఘాల్లో కుదుపు వచ్చినప్పుడల్లా
జెనోవియ్ నిచ్చెన దిగి
దాని పక్కన నిలబడతాడు.
గొలుసు తెగితే ఏం చేస్తావక్కడ?
"ఏం చెయ్యను. తోడు."

మా సొంత రన్‌వే పగుళ్ళలో గడ్డి మొలిచిందని
ఎవరో ఫొటో పంపారు.
దాని గురించి విమానంలో మాట్లాడుకోం.
ఎంత బరువో తెలియనిదాన్ని
ఎక్కించకూడదని రూలు.

దిగేసరికి తొంభై ఆరు చక్రాల బండి,
దాని ముందు ఇంజనీరు అయ్‌జిరెక్,
నాలుగు రాత్రుల నిద్ర బాకీ ఉన్న కళ్ళు.
సుద్దరాత చూపించి ఏమిటని అడిగింది.
చెప్పాను.
ఏమీ అనలేదు.
మంచు మొదలైంది.
మెడలోని ఉన్ని శాలువా విప్పి
ఇనుప పట్టీ కింద దోపి
ఆ రెండు లైన్లనీ కప్పింది.
డ్రైవర్ దగ్గరికెళ్ళి ఏదో చెప్పింది.
నాకు కిర్గిజ్ రాదు.
బండి మాత్రం
నిమిషానికి జానెడు కదిలింది.

దీపాలు ఈ రాత్రే వెలగవు.
ఇంకా పందొమ్మిది రోజుల పనట.
చెవులు తగిలించాలి, నూనె పొయ్యాలి,
నూనెలో తడి పోవాలి.
ఆ రోజుకి మేం ఇంకెక్కడో
ఇంకో మొండెం కింద చెక్కలు పరుస్తుంటాం.

బరువు దిగి విమానం మూరెడు లేచింది.
తిరుగు ప్రయాణమంతా ఖాళీ కడుపులో ఒకటే రొద.
జెనోవియ్‌కి నిద్ర పట్టలేదు.
గోడకి వేలాడుతున్న గొలుసుని
సుత్తితో తట్టాడు.
వదులు గొలుసు. పలకలేదు.
చెవి దగ్గరగా పెట్టి
మళ్ళీ తట్టాడు.